మంచానికి పరదా కట్టకండి తమ్ముళ్లూ

కిందటి నెల సోంపేట నుంచి ఒక కుర్రాడు మా రూముకి వచ్చాడు. రెండో రోజే తన మంచం చుట్టూ దుప్పటి కట్టేశాడు. డ్యూటీ నుంచి రావడం, పళ్లెం పట్టుకుని లోపలికి దూరిపోవడం. పలకరిస్తే "బాగానే ఉన్నానన్నా" అంటాడు. వాడి కోసమే ఇది. పలాస, కవిటి, టెక్కలి నుంచి దుబాయ్ వచ్చేవాళ్లూ చదవండి.

వీసా, మెడికల్, సిమ్ము సంగతి ఎవరో ఒకరు చెప్తారు, నేను చెప్పను. వాట్సాప్‌లో ఇంటికి కాల్ కలవట్లేదని మాత్రం మొదటి రాత్రే కంగారు పడకండి. ఇక్కడి రూలు అది. బోటిమ్ లాంటి కాలింగ్ యాప్ అమ్మ ఫోన్‌లో వేసి మరీ బయల్దేరండి.

నేను 2018 జూలైలో వచ్చాను. నేనూ పరదా కట్టాను, అమ్మ పాత చీరతో. రూములో ఎనిమిది మందిమి. మూడు నెలలైనా నలుగురి పేర్లు తెలీవు నాకు. రాత్రంతా ఊళ్లో ఎవరి పెళ్లి, ఎవరి గృహప్రవేశం అని ఫోన్‌లో చూసుకోవడం, తెల్లవారి నిద్రమొహంతో బస్సెక్కి ఫోర్‌మన్ చేత తిట్లు తినడం. అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు. అమ్మ గొంతు వినడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో మొదటి రాత్రి ఎవరో చీర పక్కకి లాగి టీ గ్లాసు పెట్టారు. చూస్తే నా పై మంచం మలయాళీ. ఆగస్టు వరదల్లో వాళ్ల ఇల్లు మునిగిందట. నాకు అప్పుడే తెలిసింది. ఆగస్టులో అతనూ ఏడ్చే ఉంటాడు. నేను చీర లోపల ఉన్నాను.

అందుకే చెప్తున్నాను, తిండి అందరితో కూర్చుని తినండి. వంట వంతు తప్పించుకోకండి. ఇంటి నుంచి తెచ్చిన జీడిపప్పు పెట్టె అడుగున దాచుకుంటే పురుగు పడుతుంది, విప్పండి. ఎండు నెత్తళ్లు వేపితే రూమంతా గోల చేస్తారు. చెయ్యనీ, తిట్టడానికైనా నోరు విప్పుతారు కదా.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని ఉండదు. ఆ నీడలో పక్కవాడి ఊరు పేరు అడగండి. నీళ్లు తాగండి, ఉద్దానం వాళ్లకి కిడ్నీ జబ్బుల గురించి నేను చెప్పాలా? సెలవు రోజున ఒక్క దిర్హమ్ పెట్టి అబ్రా పడవ ఎక్కి, క్రీక్‌లో డేరా ఒడ్డు నుంచి బర్ దుబాయ్ ఒడ్డుకి దాటి రండి. చెక్క పడవ, మొహానికి గాలి. ఇంకేం కావాలి?

ఇంటికి ఫోన్ టైము చూసుకుని చెయ్యండి. ఇక్కడ ఎనిమిదంటే అక్కడ తొమ్మిదిన్నర, అమ్మ కునుకు తీస్తుంటుంది. వీడియో ఆన్ చేసి ఫోన్ పక్కన పడుకోబెట్టుకోవడాన్ని మాట్లాడటం అనరు.

"మరి నాకంటూ కొంచెం చోటు వద్దా అన్నా?" అంటారు. సరే, నైట్ షిఫ్టు చేసి పగలు పడుకునేవాళ్లు కట్టుకోండి. లేచాక తీసెయ్యండి.

ఏడుపొస్తుంది. అందరికీ వచ్చింది, పైకి చెప్పరంతే. నాకు ఆరో నెలకి తగ్గింది. మీకూ తగ్గుతుందిలే.

సోంపేట తమ్ముడూ, రేపు వంట వంతు మనిద్దరిదీ. ఉల్లిపాయలు నువ్వే కొయ్యాలి.