అంగన్‌వాడీలో పసిపిల్లల కంటి పరీక్ష శిబిరం ఎలా పెట్టాలి?

ఒక కన్ను బాగుండి రెండోది మసకగా ఉన్న పిల్లవాడిలో పైకి ఏ తేడా కనిపించదు. బంతి పట్టుకుంటాడు, ఫోన్లో బొమ్మలు చూస్తాడు. కనపడట్లేదని ఎవరితోనూ అనడు, అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటాడు. మసక కన్ను పంపే బొమ్మని మెదడు పట్టించుకోవడం మానేస్తుంది. దాన్నే మందదృష్టి అంటారు. ఏడేళ్ల లోపు దొరికితే చికిత్సకి బాగా లొంగుతుంది, ఆలస్యమయ్యేకొద్దీ కష్టం. కాబట్టి మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకి ఒక్కో కన్నునీ విడిగా చూడాలి. అద్దాల నంబరు తేల్చడం మన పని కాదు.

చార్టు కంటే ముందు ఆసుపత్రి

తేడా ఉన్న పిల్లల్ని ఎక్కడికి పంపాలో ముందే మాట్లాడుకోండి. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో అయితే, తిరుపతిలో రుయా ఆసుపత్రి కంటి విభాగం, అరవింద్ కంటి ఆసుపత్రి ఉన్నాయి. చిత్తూరు వాళ్లకి జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి, కుప్పం వైపు వాళ్లకి పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రి దగ్గర. పిల్లల కళ్లు ఏ రోజు చూస్తారో, ఉచితమో కాదో కనుక్కుని చీటీ మీద రాయండి. అంగన్‌వాడీకైతే ఐసీడీఎస్ సూపర్‌వైజర్ అనుమతి, బడికైతే హెడ్మాస్టర్ అనుమతి, రెండుచోట్లా తల్లిదండ్రుల సంతకం కావాలి. పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ బృందం (ఆర్‌బీఎస్‌కే) అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు రావాలి. ఆ తేదీ ఏఎన్ఎంని అడిగి, మీ జాబితా ఒకటి వాళ్లకీ ఇవ్వండి.

పొద్దున తొమ్మిదిన్నరకి మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనాల లోపు ముగించండి. అన్నం తిన్న పిల్లకి నిద్ర తప్ప ఇంకేమీ పట్టదు. ఒక్కొక్కరికి మూడు నాలుగు నిమిషాలు, అంటే ఒక బల్ల దగ్గర గంటకి పదిహేను మంది. బల్లకి ఇద్దరు మనుషులు: చార్టు దగ్గర ఒకరు, పిల్ల పక్కన ఒకరు.

చార్టుని స్కేలుతో కొలవండి

ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరాన్ని నాలుగు దిక్కులకీ తిప్పిన చార్టు నాలుగేళ్లు దాటిన వాళ్లకే. మూడేళ్ల పిల్లకి కుడి ఎడమలే సరిగ్గా తెలియవు. చూపు బాగానే ఉన్నా తప్పు చూపిస్తుంది. వాళ్లకి ఆపిల్, ఇల్లు, గుండ్రం, చదరం ఉండే బొమ్మల చార్టు, ఒళ్లో పెట్టుకునే జతకార్డు కావాలి. పేరు చెప్పక్కర్లేదు, ఒళ్లోని కార్డు మీద అదే బొమ్మని ముట్టుకుంటే చాలు. నగరి, గుడిపాల, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలకి ఇది ఇంకా సుఖం.

మూడు మీటర్ల దూరానికి ‘ఈ’ అక్షరం ఎత్తు నాలుగేళ్ల వాళ్లకి 8.7 మి.మీ. (6/12 వరుస, అంటే మామూలు కన్ను పన్నెండు మీటర్ల నుంచి చదివేదాన్ని ఆరు మీటర్ల నుంచి చదివే చూపు), ఐదేళ్ల వాళ్లకి 6.5 మి.మీ. (6/9 వరుస) ఉండాలి. ప్రింటు తీసేటప్పుడు కాగితానికి సరిపెట్టే ఆప్షన్ ఉంటే అక్షరం కుంచించుకుపోతుంది, బాగున్న పిల్లలందరూ ఫెయిలవుతారు. బొమ్మల చార్టుకి ఈ కొలతలు పనికిరావు. దాన్ని మాత్రం ప్రింటు తియ్యకుండా కొనండి, మూడేళ్ల వాళ్లకి 6/15 వరుస చూపించండి. విడివిడి కార్డులు ఒక్కొక్కటే చూపించే అలవాటు మానాలి. మందదృష్టి ఉన్న కన్ను ఒంటరి అక్షరాన్ని చదివేస్తుంది, పక్కన ఇంకో నాలుగు ఉంటేనే తడబడుతుంది. వరుస మొత్తం కనిపించాలి.

చార్టు వెనక కిటికీ ఉండకూడదు. షామియానా కింద అసలు వద్దు: గుడ్డ రంగు వెలుగు పడుతుంది, గాలికి చార్టు ఊగుతుంది. గదిలో, పిల్ల కంటి ఎత్తుకి, వెలుతురు చార్టు మీద పడేలా పెట్టండి. టేపుతో మూడు మీటర్లు కొలిచి గీత గీసి, కృష్ణాష్టమికి వేసినట్టు ముగ్గుపిండితో రెండు చిన్న పాదాలు వెయ్యండి. మడమలు గీత మీద ఉండాలి. పిల్లలు ఆ పాదాల మీద నిలబడమంటే సరదాగా నిలబడతారు, ముందుకి జరగరు.

కన్ను మూయడం దగ్గరే అంతా పాడవుతుంది

మొదట రెండు కళ్లతో, దగ్గర నుంచి ఒక నిమిషం ఆట నేర్పండి. తర్వాత ఎడమ కన్ను మూసి కుడి కన్ను చూడాలి.

చేత్తో మూసుకోమంటే వేళ్ల సందుల్లోంచి చూస్తారు. అరచేత్తో గట్టిగా నొక్కితే ఆ కన్ను కాసేపు మసకబారి, తన వంతు వచ్చేసరికి ఫెయిలవుతుంది. దూది ప్యాడ్ పెట్టి మైక్రోపోర్ టేపు అంటించడం మేలు. ముందు కాటుక తుడవండి, లేకపోతే టేపు నిలవదు. ముక్కు వైపు సందు లేకుండా చూడండి. పిల్ల తల ఒకవైపుకి తిప్పుతోందంటే ఆ సందులోంచే చూస్తోందని అర్థం. ఒక కన్ను మూసినప్పుడు మాత్రమే ఏడ్చి టేపు పీకేస్తే అది మొండితనం అనుకోవద్దు. మీరు మూసింది బాగా కనిపించే కన్ను కావచ్చు. రాసుకోండి.

వేలు గుర్తు కిందే పెట్టాలి, పక్క గుర్తుల్ని కప్పకూడదు. రెండో కంటికి వరుస తిరగేసి అడగండి, పిల్లలు ఇట్టే కంఠస్థం పట్టేస్తారు. వెనక నిలబడి అందించే అమ్మమ్మలకి దూరంగా కుర్చీ వెయ్యండి.

ఐదింటిలో నాలుగు సరైతే పాస్. మూడు చాలనే పద్ధతి కూడా ఉంది గానీ, నాలుగు దిక్కుల్లో గుడ్డిగా చూపించినా పదిమందిలో ఒకరికి మూడు కుదిరిపోతాయి. అద్దాలున్న పిల్లకి అద్దాలతోనే చూడండి. సహకరించని పిల్ల పాస్ కాదు. వారంలో మళ్లీ ప్రయత్నించి, అప్పటికీ కుదరకపోతే ఆసుపత్రికి పంపాలి. ఇలాంటి వాళ్లలోనే చూపు లోపం ఎక్కువగా బయటపడుతుంది.

చార్టు లేకుండా చూడాల్సినవి

రెప్ప వాలడం, కనుగుడ్లు అదిరినట్టు కదలడం, మెల్లకన్ను. మెల్లకన్ను అదృష్టమని, పెద్దయితే పోతుందని ఇంట్లో అంటారు. వీటిలో ఏది ఉన్నా, చార్టులో పాసైనా సరే పంపండి. కంటిపాప తెల్లగా మెరిసినా, ఫ్లాష్ ఫొటోలో ఒక కన్ను తెల్లగా పడుతోందని తల్లి చెప్పినా అదే రోజు పంపాలి. శుక్లం కావచ్చు, కంటిలో గడ్డ కావచ్చు. రేచీకటి ఉందా అని అడిగి, టీకాల కార్డులో విటమిన్ ఏ డోసులు చూడండి: తొమ్మిదో నెల నుంచి ఐదేళ్ల వరకు మొత్తం తొమ్మిది.

చీటీ ఇచ్చాక

‘కళ్లు చూపించండి’ అని రాస్తే ఎవరూ వెళ్లరు. ఏ కన్ను, ఏ వరుస, ఎక్కడికి, ఏ రోజు అన్నీ రాయండి. ఆసుపత్రిలో కంటిపాప పెద్దదయ్యే మందు వేసి చూస్తారని, కొన్నిచోట్ల ఇంట్లో మూడు రోజులు పెట్టుకోమని ఆయింట్‌మెంట్ ఇస్తారని ముందే చెప్పాలి. మందుని బట్టి దగ్గరి చూపు మసకబారడం ఒక రోజు ఉండొచ్చు, పది రోజుల పైన కూడా ఉండొచ్చు, ఎండ చూడలేరు. ఇది చెప్పకపోతే ‘కళ్లు పాడుచేశారు’ అని రెండోసారి రారు.

రిజిస్టరులో చివరి గడి ‘వెళ్లారా?’ అని ఉంచండి. పదిహేను రోజులకి ఫోన్ చేసి అది నింపాలి. అద్దాలొచ్చిన పిల్లల పేర్లు అంగన్‌వాడీ టీచర్‌కి ఇవ్వండి. పొద్దున రాగానే పిల్ల ముఖాన అద్దాలు లేకపోతే చాలాసార్లు అవి ఇంట్లో బీరువాలో భద్రంగా ఉంటాయి.