పెరుగు–పండ్ల చాక్లెట్ బైట్లు: చాక్లెట్‌ను తిట్టుకునే ముందు తడి ఎక్కడుందో చూడండి

ఓవెన్ అక్కర్లేదు, పాకం పట్టే పని లేదు. వడకట్టిన పెరుగులో పండ్ల ముక్కలు కలిపి, చిన్న ముద్దలుగా ఫ్రీజర్‌లో పెట్టి, గడ్డ కట్టాక కరిగించిన చాక్లెట్‌లో ముంచి తీయడమే. పని ఇంత చిన్నది కాబట్టి చెడిపోయినప్పుడు నెపం పోయి చాక్లెట్ మీదే పడుతుంది. ఇంకో కంపెనీది తెస్తారు, అదీ చెడిపోతుంది. చాలాసార్లు తప్పు చాక్లెట్‌ది కాదు. ఎక్కడో ఒకచోట నీళ్లు దూరి ఉంటాయి.

కింద చెప్పేదంతా ఈ కొలత మీద: వడకట్టాక 400 గ్రాముల పెరుగు, 60 గ్రాముల చక్కెర పొడి, 150 నుంచి 200 గ్రాముల పండ్ల ముక్కలు. పూతకు 200 గ్రాముల డార్క్ కాంపౌండ్ చాక్లెట్ (కోకో వెన్న బదులు వేరే నూనె కొవ్వుతో చేసేది), 2 టీస్పూన్ల కొబ్బరి నూనె. ఒక్కో ముద్దకు టేబుల్‌స్పూన్ నిండుగా వేస్తే పాతిక దాకా వస్తాయి.

అన్నిటికంటే ముందు: చెంచా నిలబడుతోందా?

"పెరుగు వడకట్టారా?" అని అడిగితే "గట్టి పెరుగేనండీ, గేదె పాలది" అనే జవాబే ఎక్కువ వస్తుంది. గేదె పాల పెరుగు కత్తితో కోసినట్టు ముక్కలుగా లేస్తుంది, నిజమే. కానీ అది తోడుకున్న గట్టిదనం. లోపల నీళ్లు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. గరిటె పెట్టి తీసిన గుంటలో కాసేపటికి ఊరే తేటను చూస్తే తెలుస్తుంది.

వడకట్టిన పెరుగులో స్టీలు చెంచా గుచ్చి వదిలేసి పది అంకెలు లెక్కపెట్టండి. పక్కకు వాలకూడదు. గిన్నెను పది నిమిషాలు వదిలేస్తే అంచున తేట చేరకూడదు. ఈ రెండూ చూడకుండా కిందవేవీ చదివి లాభం లేదు.

లీటరు పెరుగును పల్చటి నూలుబట్టలో కట్టి, జల్లెడలో పెట్టి, కింద గిన్నె ఉంచి, పైన కిలో బరువున్న డబ్బా పెడితే ఆరు నుంచి ఎనిమిది గంటల్లో సుమారు 400 గ్రాములకు దిగుతుంది. ఇదంతా ఫ్రిజ్ లోపలే జరగాలి. కర్నూలు, కడప వేసవిలో మూటను వంటింటి కొళాయికి వేలాడదీస్తే నీళ్లు పోయేలోపు పెరుగు పులిసి కూర్చుంటుంది.

కొరికితే రాయిలా ఉంది, పళ్లు జివ్వుమంటున్నాయి

చెంచా పరీక్ష నెగ్గాక కూడా ఇలా ఉంటే కొవ్వో, తీపో తగ్గిందని అర్థం. టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6 శాతం. ఈ పనికి ఫుల్ క్రీమ్ పాల పెరుగే వాడాలి. చక్కెర రుచికి మాత్రమే కాదు, అది కరిగి ఉన్న నీళ్లు అంత తేలిగ్గా గడ్డ కట్టవు, అందుకే ముద్ద మెత్తగా ఉంటుంది. ఆరోగ్యం పేరు చెప్పి చక్కెర మొత్తం తీసేసిన పెరుగు గడ్డే అవుతుంది, బైట్ కాదు. చక్కెర వద్దనుకుంటే మూడు టేబుల్‌స్పూన్ల తేనె వేయండి. బెల్లం పాకం వద్దు, మళ్లీ నీళ్లు పోసినట్టే.

ఇప్పటికే రాయిలా అయినవాటికి మందు, తినబోయే ముందు రెండు మూడు నిమిషాలు బయట ఉంచడం. మే నెలలో అంతకు మించి ఉంచితే గిన్నెలో తాగాల్సి వస్తుంది.

ఐసు పలుకులు తగులుతున్నాయి

పెరుగు సరిగానే ఉన్నా పండు మోసం చేస్తుంది. మామిడి ముక్కలు కోసి, పైన చక్కెర చల్లి పక్కన పెట్టే అలవాటు చాలామందికి ఉంది. చక్కెర పండులోని నీటిని బయటికి లాగుతుంది, పావుగంటలో గిన్నె అడుగున రసం చేరుతుంది, ఆ రసంతో సహా పెరుగులో పోస్తారు. చక్కెర ఎప్పుడూ పెరుగులోనే కలపాలి. పండ్లను సెంటీమీటరు ముక్కలుగా కోసి, పొడి బట్ట మీద ఇరవై నిమిషాలు పరిచి, పైన ఇంకో బట్టతో అద్ది, ముద్దలు పెట్టే ముందు క్షణంలో కలపాలి. గిలక్కొట్టకుండా కింది నుంచి పైకి రెండు మూడుసార్లు తిప్పితే చాలు.

బేనీషా (బంగినపల్లి) మామిడి బాగా కుదురుతుంది, రసం కంటే కండ ఎక్కువ. పులివెందుల వైపు అరటిపండు ఇంకా తేలిక, గడ్డ కట్టినా వెన్నలా ఉంటుంది. అనంతపురం దానిమ్మ గింజలు కడిగితే తప్పక తుడిచి వేయండి, గింజ లోపలి రసం బయటికి రాదు కాబట్టి పెరుగు పాడవదు. కర్బూజ, పుచ్చకాయ ముక్కలు ఎంత ఆరబెట్టినా ఐసుముక్కలే అవుతాయి. చీనీకాయ (బత్తాయి) తొనలు అసలే వద్దు, నీళ్లకు తోడు చేదు కూడా దిగుతుంది.

ముద్దలు పెద్దవైతే నెమ్మదిగా గడ్డ కడతాయి, నెమ్మదిగా కట్టిన గడ్డలో పలుకులు పెద్దవి. టేబుల్‌స్పూన్‌కు మించవద్దు.

పూత పెంకులా ఊడొస్తోంది. గిన్నెలో చాక్లెట్ పిండిముద్దలా అయిపోయింది

ఈ రెండింటినీ వేర్వేరు సమస్యలని అనుకుంటారు. మొదటిదానికి చాక్లెట్ పల్చనైందని ఇంకొంచెం చిక్కగా చేస్తారు. రెండోదానికి చాక్లెట్ మాడిందని పారేస్తారు. చాలాసార్లు రెండింటికీ కారణం ఒక్కటే, అదీ కంటికి ఆనదు: గడ్డ కట్టిన ముద్ద మీద గాలిలోంచి పట్టే మంచు.

ఫ్రీజర్‌లోంచి వచ్చిన ముద్ద పైభాగం సున్నాకు చాలా కింద ఉంటుంది. దాన్ని తాకిన గాలిలోని తేమ అక్కడికక్కడే సన్నటి తెల్లపొరగా పేరుకుంటుంది. ఆ పొర మీద వెచ్చటి చాక్లెట్ పడగానే మంచు కరిగి, పూతకూ పెరుగుకూ మధ్య నీటిపొర అవుతుంది. పూత పెరుగును పట్టుకోదు, పట్టుకున్నట్టు కనిపిస్తుంది. కొరికితే చిప్పలా లేస్తుంది. అదే నీళ్లు ఫోర్కు నుంచి జారి చాక్లెట్ గిన్నెలో పడుతుంటాయి. పది ముద్దలు ముంచేసరికి అరచెంచా చేరినా చాలు, చాక్లెట్‌లోని చక్కెర ఆ తడికి జిగురెక్కి ఒకదానికొకటి అంటుకుంటుంది. నిగనిగలాడుతున్న చాక్లెట్ కాస్తా మెరుపు పోయి, ముద్ద కట్టి, గరుగ్గా తయారవుతుంది.

"అనంతపురం ఎండల్లో గాలి పొడిగానే ఉంటుంది, తేమెక్కడిది?" అన్నది సరైన ప్రశ్నే. జవాబు కిటికీ దగ్గర ఉంటుంది: నీళ్ల కూలర్. మన పొడిగాలికి కూలర్ బాగా పనిచేస్తుంది, అందుకే ఇంటింటా ఉంటుంది. అది గాలిని చల్లబరిచేది తడిపే. కూలర్ తిరుగుతున్న గదిలో గాలి మే నెలలోనూ తేమగానే ఉంటుంది. పైగా, ముద్దలు కరిగిపోతాయని పళ్లాన్ని తెచ్చి సరిగ్గా కూలర్ ముందే పెడతారు. చల్లగాలి తగులుతోంది కదా అని. ఆ గాలి ముద్దకు చలువ చేయదు, తడి పూస్తుంది. ఫ్రీజర్ చలికి కూలర్ గాలి వేడి కిందే లెక్క. ఇంకో పక్క పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే చెప్పేదేముంది.

తేల్చుకోవడం ఇలా. ఊడిన పూత పెంకును తిరగేసి లోపలివైపు చూడండి. నున్నగా, తడిగా, పెరుగు అంటకుండా ఉంటే అది మంచు పనే. పెరుగు అక్కడక్కడా అంటుకుని గరుగ్గా ఉంటే పూత మందం ఎక్కువై విరిగింది, ఆ సంగతి కింద ఉంది. గిన్నెలో చాక్లెట్ చిక్కబడితే మెరుపు చూడండి. మెరుస్తూనే చిక్కబడితే చల్లారింది, అంతే. వేడినీళ్ల గిన్నె మీద నిమిషం పెడితే పల్చబడుతుంది. మెరుపు పోయి, వేడి చేసేకొద్దీ ఇంకా ముద్దవుతుంటే నీళ్లు పడ్డాయి.

ఇక పనిచేసే పద్ధతి. కూలర్ ఆపండి, ఫ్యాన్ కూడా ఆపండి, పొయ్యి మీద ఏదీ ఉడకకూడదు. వేసవిలో తెల్లవారుజామున ఈ పని పెట్టుకుంటే ఈ మూడూ బాధ అనిపించవు. ముద్దలు ఫ్రీజర్‌లో ఉన్నప్పుడే పైన మూత బోర్లించి ఉంచాలి, లేదంటే తలుపు తెరిచిన ప్రతిసారీ మంచు పడుతుంది. ఫ్రీజర్ తెరవక ముందే చాక్లెట్ కరిగి, గోరువెచ్చగా చల్లారి, సిద్ధంగా ఉండాలి. ముద్దలు తీశాక చాక్లెట్ కరిగించడం మొదలుపెడితే ఆట అక్కడే అయిపోయింది. ఒక ఖాళీ స్టీలు పళ్లాన్ని కూడా బటర్ పేపర్ పరిచి ఫ్రీజర్‌లో ఉంచండి.

పాతిక ముద్దలూ ఒకేసారి బయటికి తేకండి. నాలుగు తీసి తలుపు మూయండి. ఒక్కోదాన్ని పొడి టిష్యూతో ఒకసారి తుడిచి, ఫోర్కు మీద పెట్టి, ముంచి, లేపి, కారేది కారనిచ్చి, చల్లటి పళ్లెంలో జార్చండి. ముద్ద బయటికొచ్చి ముంచేదాకా పది పదిహేను సెకన్లు దాటకూడదు. పూత అర నిమిషంలో బిగుస్తుంది. ముద్ద ముద్దకీ మధ్య ఫోర్కు తుడవండి. వేలు పెట్టి రాస్తే తడి గీత పడిన ముద్దను ముంచకుండా తిరిగి ఫ్రీజర్‌కే పంపండి. అరగంట తర్వాత తుడిచి మళ్లీ చూడవచ్చు.

200 గ్రాముల చాక్లెట్‌ను ఒకే గిన్నెలో ఉంచకుండా రెండు గ్లాసుల్లో పోసుకుంటే, ఒకటి చెడినా రెండోది మిగులుతుంది. సన్నటి ఎత్తు గ్లాసులో ముద్ద పూర్తిగా మునుగుతుంది కూడా.

నీళ్లు చేరే ఇంకో దారి, కరిగించే తీరు. మరుగుతున్న నీళ్ల మీద గిన్నె పెడితే ఆవిరి అంచు దాటి లోపలికి దిగుతుంది. నీళ్లు మరిగాక పొయ్యి ఆపి, ఆ గిన్నె మీద సరిగ్గా కూర్చునే వెడల్పాటి గిన్నెలో చాక్లెట్ వేసి, అడుగు నీళ్లకు తగలకుండా చూసుకోండి. దించగానే గిన్నె అడుగు తుడవండి. వంచినప్పుడు చుక్క జారేది అక్కడి నుంచే. చెక్క గరిటె వద్దు, పైకి పొడిగా ఉన్నా లోపల తడి దాస్తుంది.

ముద్ద కట్టిన చాక్లెట్ మళ్లీ పూతకు రాదు. పారేయక్కర్లేదు. ప్రతి 50 గ్రాములకు ఒక టేబుల్‌స్పూన్ చొప్పున వేడి పాలు పోస్తూ కలిపితే నున్నటి సాస్ అవుతుంది. అదే పెరుగు ముద్దల మీద పోసుకుని తినేయొచ్చు.

పూత మందంగా ఉంది, కొరికితే పగిలి రాలుతోంది

నూనె తక్కువైంది. కొబ్బరి నూనె ఫ్రీజర్‌లో గట్టిపడుతుంది, చాక్లెట్‌ను మాత్రం పల్చగా పారనిస్తుంది. కాబట్టి పూత సన్నగా నిలుస్తుంది. దాని బదులు ఇంట్లో ఉంది కదా అని చెనిక్కాయ (వేరుశనగ) నూనె పోస్తే పూత జిడ్డుగా ఉండి వేళ్లకు అంటుకుంటుంది, ఆ నూనె ఎంత చలికీ అంత గట్టిపడదు. చెనిక్కాయలు వాడాలంటే వేయించి, పొట్టు తీసి, పలుకులుగా దంచి పెరుగులో రెండు గుప్పెళ్లు కలపండి, అరటిపండుతో బ్రహ్మాండంగా ఉంటుంది.

అంగట్లో దొరికే పాల చాక్లెట్ బార్లు కరిగినా చిక్కగానే ఉంటాయి, పూతకు బాగుండవు. బేకరీ సామాను అమ్మేచోట దొరికే కాంపౌండ్ దిమ్మ తెచ్చుకోండి.

పులుపు

పులిసిన పెరుగుకు చక్కెరతో వైద్యం లేదు. అప్పుడే తోడుకున్న పెరుగును వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, అక్కడే వడకట్టాలి. పులిసినదాన్ని మజ్జిగ చేసుకోండి.

అసలు గడ్డే కట్టడం లేదు

సింగిల్ డోర్ ఫ్రిజ్ అయితే ఫ్రీజర్ గోడలకు అంగుళం మందాన పేరుకున్న మంచును ముందు కరిగించండి. డయల్ ఎక్కువకు తిప్పి, ఆ పూట తలుపు తెరవడం మానండి. కరెంటు పోయి వచ్చాక మెత్తబడినవాటికి చాక్లెట్ పూత వేయకండి. పూర్తిగా కరిగినవాటిని మళ్లీ గడ్డ కట్టించకండి, అప్పటికప్పుడు తాగేయండి. అన్నీ బాగున్నా గట్టిపడకపోతే తేనె ఎక్కువైంది.

అరుదుగా వచ్చేవి

పూత మీద తెల్లటి మచ్చలు బూజు కాదు, తినొచ్చు. చేదుగా ఉండి పెరుగు నీళ్లు విడిస్తే పచ్చి అనాసో, కివీయో వేసి ఉంటారు, వాటిలోని ఎంజైములు పాల ప్రోటీన్‌ను విరగ్గొడతాయి. దోరగా ఉన్న బొప్పాయిదీ అదే గొడవ, బాగా పండినది వాడండి. పళ్లానికి అంటుకుంటే బటర్ పేపర్ వేయలేదు. ఈసారికి పళ్లెం అడుగున గోరువెచ్చటి బట్ట అద్దండి, లేస్తాయి. ఉల్లి, మసాలా వాసన వస్తే మూత సరిగా లేని డబ్బా. బిగుతు మూత ఉన్న దాంట్లో, వరసకీ వరసకీ మధ్య బటర్ పేపర్ పెట్టి దాచి, రెండు వారాల్లోపు తినేయండి.