కోర్సు మారాలనిపించినప్పుడు ఏం చేయాలి

డిగ్రీలో చేరి రెండు మూడు నెలలు గడిచేసరికి, తప్పు కోర్సులో చేరానేమోనన్న దిగులు చాలామందికి పట్టుకుంటుంది. ఆ దిగులు చదువు వల్ల వచ్చిందా, ఇల్లు వదిలి రావడం వల్ల వచ్చిందా అన్నది ముందుగా తేల్చుకోవాలి. హాస్టల్ తిండి పడకపోవడం, ఇంగ్లీషు మీడియం పాఠాలు అందకపోవడం కోర్సు మారినా వెంటే వస్తాయి. రెండు వారాల పాటు ప్రతి రాత్రీ, ఆ రోజు ఏ క్లాసులో మనసు నిలిచిందో, ఏ క్లాసులో నిలవలేదో, ఎందుకు నిలవలేదో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. నేను బీఎస్సీలో ఉండగా అలా రాసుకున్న పేజీల్లో గణితం పక్కన "అర్థం కాలేదు" అని పదిసార్లు ఉంది కానీ, "ఇష్టం లేదు" అని ఒక్కసారి కూడా లేదు. నాకు కావలసింది వేరే కోర్సు కాదని, ఇంటర్ లెక్కలు మళ్లీ మొదటినుంచి చెప్పే మనిషని అప్పుడు తెలిసింది.

మారడమే మంచిదని తేలితే, ఇక ఆలస్యం చేయకూడదు. యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం ప్రవేశాల చివరి తేదీ దాటిన 15 రోజుల్లోపు మానుకుంటే ఫీజులో 80 శాతం, 16 నుంచి 30 రోజుల మధ్య అయితే 50 శాతం తిరిగి వస్తుంది. ఆ తరువాత ఏమీ రాదు. కొన్ని విద్యాసంవత్సరాలకు యూజీసీ ఇంకా ఉదారమైన గడువులు ప్రకటించింది కనుక, మీరు చేరిన ఏడాది సర్క్యులర్ తప్పక చూడండి. ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీ తన దగ్గర అట్టిపెట్టుకోకూడదని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. దరఖాస్తు నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి.

కోర్సుతో పాటు ఊరు కూడా మారేటట్లయితే ఇంకో సంగతి చూసుకోవాలి. ఉదాహరణకు, గుంటూరు నుంచి విజయవాడకు గంట ప్రయాణమే అయినా, గుంటూరు డిగ్రీ కాలేజీలు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం కిందా, విజయవాడ కాలేజీలు కృష్ణా విశ్వవిద్యాలయం కిందా ఉంటాయి. కనుక కాలేజీతో పాటు విశ్వవిద్యాలయం కూడా మారుతుంది. టీసీతో పాటు, వేరే విశ్వవిద్యాలయంలో చేరడానికి పాత విశ్వవిద్యాలయం ఇచ్చే మైగ్రేషన్ సర్టిఫికెట్ అవసరమవుతుంది. మీ పాత క్రెడిట్లలో (పాసైన సబ్జెక్టులకు వచ్చే పాయింట్లలో) ఎన్నింటిని లెక్కలోకి తీసుకుంటారో చేరకముందే అడగాలి.

ఉన్న కోర్సు వదలకుండానే రెండోది చదివే దారి కూడా ఉంది. 2022 నుంచి రెండు డిగ్రీలు ఏకకాలంలో చదవడానికి యూజీసీ అనుమతిస్తోంది. ఒకటి కాలేజీకి వెళ్లి, మరొకటి దూరవిద్యలో చదవవచ్చు. మనసు ఇంకా ఊగిసలాడుతున్న వారికి నేను ముందుగా చెప్పేది ఇదే.

ఇంట్లో చెప్పడం అన్నిటికన్నా కష్టం, అది ఫోన్‌లో చేయకండి. ఆదివారం ఊరెళ్లి, భోజనాలయ్యాక ఆ నోటుపుస్తకం నాన్నగారి ముందు పెట్టి, ఎంత ఫీజు పోతుందో, ఎన్ని నెలలు వెనకబడతారో మీ నోటితోనే ముందు చెప్పండి. ఆయన వెంటనే ఒప్పుకోకపోతే గడువు తేదీ చెప్పి, ఆలోచించుకోవడానికి నాలుగు రోజులు ఇచ్చి రండి. ఈలోపు క్లాసులు మానకండి, ఇంటర్నల్ పరీక్షలు వదలకండి.