తీరగ్రామాల్లో హెచ్‌ఐవీ, హెపటైటిస్ నమూనాలు తీసేటప్పుడు

హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరిశోధన కోసం శ్రీకాకుళం తీరగ్రామాల్లో ఏడేళ్లుగా రక్త నమూనాలు సేకరిస్తున్నాను. ఈ వేసవిలో మా బృందంలో చేరిన పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

ముందు ఊరికి ఎప్పుడు వెళ్లాలో తేల్చుకోండి. మన మత్స్యకారుల్లో ఎందరో గుజరాత్‌లోని వెరావల్‌కు వేటకు వెళ్లి నెలల తరబడి అక్కడే ఉంటారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, పడమటి తీరంలో జూన్ 1న మొదలవుతుంది. అందుకే జూన్ మొదటి రెండు వారాల్లో మగవాళ్లు ఇంటిపట్టున దొరుకుతారు. మిగతా రోజుల్లో వెళితే ఆడవాళ్ల, ముసలివాళ్ల లెక్కే చేతికొస్తుంది. దాన్ని ఊరి లెక్క అనకూడదు.

ఇల్లు చూపించడానికి ఆశా కార్యకర్తను వెంట రమ్మనండి. మాట్లాడేటప్పుడు మాత్రం ఆమెను బయట ఉండమనండి, తెలిసిన మనిషి ఎదుట చాలామంది నోరు విప్పరు. హెపటైటిస్ అంటే అర్థం కాకపోతే పచ్చకామెర్లు అనండి. "ఎప్పుడో వచ్చాయమ్మా, పసరు తాగితే తగ్గిపోయాయి" అంటారు. ఆ మాటను కొట్టిపారేయకండి. కళ్ల పచ్చదనం పోయినా బి, సి వైరస్‌లు ఏళ్ల తరబడి కాలేయంలో ఉండిపోగలవని, ఈ పరీక్ష అందుకేనని చెప్పండి. అంగీకార పత్రం పూర్తిగా చదివి వినిపించండి. హెచ్‌ఐవీ పరీక్షకు సమ్మతి తీసుకోవడం, ఫలితాన్ని గోప్యంగా ఉంచడం 2017 నాటి చట్టం మన మీద పెట్టిన బాధ్యత.

ఇక రక్తపు చుక్క. వల లాగే చేతులు కాయలు కాసి ఉంటాయి. ఉంగరపు వేలిని కాసేపు మృదువుగా రుద్ది, కొసన కాకుండా పక్కగా గుచ్చండి. మొదటి చుక్క తుడిచేయండి. రెండోది బాగా ఊరేదాకా ఆగి, రక్తాన్ని పీల్చుకునే మందపాటి కాగితపు కార్డు మీది వలయానికి తాకించండి. వేలు కార్డుకు తగలకూడదు. ఒక్క చుక్కతోనే వలయం నిండి వెనకవైపుకు ఇంకాలి. చాలలేదని దాని మీదే ఇంకో చుక్క వేస్తే ఆ వలయం పాడైనట్టే.

ఆరబెట్టడం దగ్గరే అందరూ తొందరపడతారు. నీడలో, కార్డులు ఒకదానికొకటి తగలకుండా, కనీసం 4 గంటలు ఉంచాలి. సముద్రపు తేమకు అది చాలదు, రాత్రంతా ఉంచండి. ఎరుపు పోయి ముదురు గోధుమ రంగు వస్తేనే ఆరినట్టు. నా రెండో ఏడాది, ఆఖరి బస్సు వెళ్లిపోతుందని పచ్చి కార్డులను కవర్లో పెట్టేశాను. వారానికి తెరిస్తే బూజు. ఇరవై రెండు ఇళ్లకు తిరిగి వెళ్లి మళ్లీ వేలు చాపమని అడిగాను. "మొన్న ఇచ్చిన రక్తం ఏం చేశారమ్మా?" అంది ఒకామె. ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

కార్డు మీద పేరు వద్దు, కోడ్ చాలు. ఒలికిన రక్తాన్ని బ్లీచింగ్ ద్రావణంతో తుడవండి, హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలోనూ కనీసం 7 రోజులు బతుకుతుంది. మీరు టీకా వేయించుకోకుండా సూది పట్టకండి. ఒకవేళ గుచ్చుకుంటే హెచ్‌ఐవీ నివారణ మందు వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకముందే మొదలవ్వాలి.

ఫలితం చెప్పేటప్పుడు ఒక్కో వైరస్‌కు ఒక్కో మాట. హెపటైటిస్ సి యాంటీబాడీ (వైరస్ మీద పోరాడటానికి శరీరం తయారుచేసుకునే పదార్థం) కనిపిస్తే జబ్బు ఉందని చెప్పకండి. కొందరిలో శరీరమే వైరస్‌ను వదిలించుకుని ఉంటుంది, వైరస్‌నే నేరుగా వెతికే ఆర్‌ఎన్‌ఏ పరీక్షలోనే తేలుతుంది. వైరస్ ఉన్నా మాత్రలతో సాధారణంగా 12 వారాల్లో నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఆ మందులు ఉచితం. హెపటైటిస్ బి అయితే ఇంట్లోవాళ్లకు పరీక్ష, టీకా గురించి అప్పుడే మాట్లాడండి. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి రెండూ ఉన్నవారికి ఏఆర్‌టీలోని, అంటే హెచ్‌ఐవీకి రోజూ వాడే మందుల్లోని, టెనోఫోవిర్ రెండింటి మీదా పనిచేస్తుంది. అది మధ్యలో మానేస్తే కాలేయం ఒక్కసారిగా దెబ్బతినవచ్చు. వెరావల్ వెళ్లే మనిషికి అక్కడ మందు ఎలా అందుతుందో ఏఆర్‌టీ కేంద్రంలో ముందే మాట్లాడించండి.

అందుకే వేలు గుచ్చే ముందే ప్రయాణం ఎప్పుడో అడిగి, కోడ్ పక్కన తేదీ రాసుకోండి. ఆ తేదీకి వారం ముందే ఫలితంతో ఆయన ఎదుట కూర్చోవాలి.