గడ్డకట్టే చలికి ముందు ఇంటి పైపుల జాగ్రత్తలు

టెక్సస్‌లో చాలా ఇళ్లకు నీళ్ల పైపులు అటిక్ (పైకప్పు కింది ఖాళీ) లోంచో బయటి గోడల్లోంచో వెళ్తాయి. 2021 ఫిబ్రవరి చలికి చాలా ఇళ్లలో పైపులు పగలడానికి అదొక కారణం. 20 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు పడిపోతుందని ఫోర్‌కాస్ట్ రాగానే ఇవి చూసుకోండి.

• అన్నిటికంటే ముందు, ఇంటికొచ్చే నీళ్లను ఆపే మెయిన్ వాల్వ్. చాలాచోట్ల అది మీటర్ దగ్గరే ఉంటుంది, తిప్పడానికి వేరే కీ కావాలి. ఒకసారి కట్టి, విప్పి చూడండి. ఇంట్లో పెద్దవాళ్లందరికీ చూపించండి. సీలింగ్ నుంచి నీళ్లు పడుతుంటే అప్పుడు వెతుక్కోవడం కుదరదు.

• బయటి కుళాయిలకున్న హోస్ పైపులు తీసేయండి. తగిలించి ఉంచితే నీళ్లు లోపలే నిలిచి గడ్డకడతాయి, పైన కవర్ వేసినా లాభం లేదు.

• స్ప్రింక్లర్ నీళ్లు ఆపండి.

• బయటి గోడ వైపున్న సింకుల కింద తలుపులు తెరిచి ఉంచండి. చిన్నపిల్లలుంటే అక్కడి క్లీనర్లు ముందే పైన పెట్టేయండి.

• రాత్రంతా వేడి నీళ్లు, చన్నీళ్లు రెండూ సన్నగా కారనివ్వండి. బిల్లు గురించి టెన్షన్ వద్దు, గోడ పగలగొట్టి రిపేరు చేయించడం కంటే చాలా చవక. కారే నీళ్లు బకెట్‌లో పట్టుకుంటే ఫ్లష్‌కు పనికొస్తాయి.

• డిసెంబర్‌లో ఇండియా వెళ్తుంటే మెయిన్ కట్టేసి, కుళాయిలు విప్పి పైపులు ఖాళీ చేయండి. హీటింగ్ మాత్రం పూర్తిగా ఆపొద్దు, 55 డిగ్రీల కంటే తగ్గించకండి.

• పైపు గడ్డకడితే కుళాయి విప్పి, హెయిర్ డ్రైయర్‌తో కుళాయి వైపు నుంచి వెచ్చబెట్టండి. మంట మాత్రం చూపించొద్దు.