చవక అలాయ్ వీల్స్ కొనే ముందు

చవకవన్నీ చెడ్డవని కాదు. కానీ డబ్బు కట్టకముందే ఇవి చూడండి.

• లోడ్ రేటింగ్: చక్రం వెనకవైపు '690 కేజీ' లాంటి అంకె పోతలోనే ఉంటుంది. యాక్సిల్ మీద పడే గరిష్ఠ బరువులో అది సగానికి తగ్గకూడదు. అంకే లేదా? ఎంత చవకైనా వదిలేయండి. నిండు బండి గుంతలో పడితే చక్రం పగలొచ్చు, అది ప్రాణాల మీదికొస్తుంది.

• జేడబ్ల్యూఎల్ (జపాన్ అలాయ్ వీల్ ప్రమాణం) గుర్తు తయారీదారు వేసుకునేది. పక్కన వీఐఏ (జపాన్ తనిఖీ సంస్థ) గుర్తు కూడా ఉంటే బయటి పరీక్ష జరిగినట్టు. ఈ గుర్తులు స్టిక్కర్ మీద ఉంటే నమ్మొద్దు.

• పీసీడీ (బోల్టు రంధ్రాల మధ్యగా గీసిన వలయం వ్యాసం): 112, 114.3 మి.మీ. కంటికి ఒకేలా ఉంటాయి. బలవంతంగా బిగిస్తే బోల్టులు వదులవుతాయి.

• సెంటర్ బోర్ (చక్రం నడిమి రంధ్రం) బండి హబ్ కన్నా పెద్దదైతే, ఆ ఖాళీని నింపే హబ్ రింగులు అడగండి, లేకపోతే స్టీరింగ్ వణుకుతుంది.

• ఆఫ్‌సెట్ (చక్రం వెడల్పు మధ్యగీత నుంచి, హబ్‌కి ఆనుకునే ముఖానికి ఉన్న దూరం) తేడా వస్తే టైరు రాసుకుంటుంది.

• పాత నట్లు కొత్త చక్రానికి సరిగ్గా కూర్చోకపోవచ్చు. 80–100 కి.మీ. తిరిగాక నట్ల బిగువును టార్క్ రెంచ్‌తో (బిగువును కొలిచే పానా) మళ్లీ సరిచూడండి.