చేని దారికీ కాపలాకూ టార్చిలైటు: డబ్బు వృథా కాకుండా ఎంచుకునే విధానం

అనంతపురం పాతూరు బజారులో గానీ, గుత్తి, తాడిపత్రి, కల్యాణదుర్గం వంటి ఊళ్లలోని ఎలక్ట్రికల్ దుకాణాల్లో గానీ నూటయాభై రూపాయల ప్లాస్టిక్ టార్చిలైటు మొదలుకొని మూడు నాలుగు వేల రూపాయల అల్యూమినియం లైటు వరకు అన్నీ ఒకే అద్దాల బీరువాలో పక్కపక్కనే కనిపిస్తాయి. పెట్టెల మీద అచ్చయిన అంకెలను నమ్మితే, వాటిలో చవక లైటే ఖరీదైన లైటు కంటే పది రెట్లు ఎక్కువ వెలుగుతుందని అనుకోవలసి వస్తుంది. అందుచేత కొనదలచినవారు ఆ అంకెలను కాసేపు పక్కన పెట్టి, తమకు వెలుతురు ఎంత దూరాన కావాలో, ఎంతసేపు కావాలో ఇంటి దగ్గరే తేల్చుకొని బయలుదేరడం మంచిది.

మన పల్లెల్లో రాత్రిపూట లైటు పట్టుకొని వెళ్లే పనులు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది నడక. త్రీఫేజు కరెంటు రాగానే బోరు దగ్గరికి వెళ్లి స్టార్టరు వేయడం, చీనీ (బత్తాయి) తోటలో డ్రిప్పు పైపులు చూసుకోవడం, కొట్టంలో పశువులకు మేత వేయడం ఈ కోవలోకి వస్తాయి. వీటికి కావలసింది కాళ్ల ముందు నాలుగైదు మీటర్ల మేర పరచుకొనే వెలుతురు. 100 నుంచి 200 ల్యూమెన్లు (వెలుతురు కొలత) నిజంగా ఇచ్చే లైటు ఇందుకు పుష్కలంగా సరిపోతుంది. ఎర్రనేల మీద, ఎండుటాకుల మధ్య రక్తపింజర గానీ, అంతకంటే చిన్నదైన చిన్నపింజర గానీ కదలకుండా పడి ఉంటే కంటికి ఆనదు కాబట్టి, ఈ పనికి నీలి ఛాయ కొట్టే తెల్లని వెలుతురు కంటే కొద్దిగా పసుపు కలిసిన తెలుపు మేలు. అందులో గోధుమ, ఎరుపు రంగుల తేడా బాగా తెలుస్తుంది. పెట్టె మీద రంగు ఉష్ణోగ్రత (వెలుతురు ఛాయను కెల్విన్లలో చెప్పే అంకె) ఇచ్చి ఉంటే 4000 నుంచి 5000 కెల్విన్ల మధ్య ఉన్నదాన్ని ఎంచుకోవాలి. 6500 కెల్విన్లంటే నీలి ఛాయ ఉన్నట్టే. లైటును నడుము ఎత్తులో పట్టుకొని నడిస్తే గుంతలకూ రాళ్లకూ నీడ పడి ఎత్తుపల్లాలు తెలుస్తాయి. తలకు కట్టుకొనే లైటులో వెలుతురు కంటి పక్కనుంచే వెళ్తుంది గనుక ఆ నీడలు మనకు కనిపించవు. అది స్టార్టరు పెట్టెలో ఫ్యూజు చూసుకోవడానికి, పాలు పిండడానికి, అంటే రెండు చేతులూ కావలసిన పనులకు చాలా బాగుంటుంది గానీ గెనిమల (పొలం గట్ల) మీద నడకకు చేతి లైటే నయం. పాములు వెలుతురుకు తొలగిపోతాయని మాత్రం అనుకోకూడదు. చెప్పులకు బదులు బూట్లు, చేతిలో కర్ర ఉండవలసిందే.

రెండవది కాపలా. వేరుశనగ చేనిలో అడవిపందులు పడితే మంచె మీదినుంచి చేని అవతలి గట్టు వరకు చూడవలసి వస్తుంది. కల్యాణదుర్గం, రాయదుర్గం వైపు గుట్టల పక్కన పొలాలున్నవారికి ఎలుగుబంట్ల భయం కూడా ఉంటుంది కాబట్టి, ఎదురుగా ఉన్నది ఏమిటో దూరంనుంచే తెలియాలి. ఇక్కడ ల్యూమెన్ల సంఖ్య అంతగా అక్కరకు రాదు. ల్యూమెన్ అనేది లైటునుంచి అన్ని వైపులకూ వెలువడే మొత్తం వెలుతురుకు కొలత. ఆ వెలుతురు ఒక దిక్కుకు ఎంత గట్టిగా వెళ్తోందో చెప్పేది క్యాండెలా. లోతైన, నున్నని రిఫ్లెక్టరు (బల్బు చుట్టూ మెరిసే గిన్నె) ఉన్న 500 ల్యూమెన్ల లైటు, వెడల్పుగా చిమ్మే 1500 ల్యూమెన్ల లైటు కంటే ఎక్కువ దూరం కొట్టడం మామూలే. పైగా మన కన్ను వెలుతురును సూటి లెక్కలో గ్రహించదు. రెట్టింపు వెలుగుతున్నట్టు అనిపించాలంటే ల్యూమెన్లు సుమారు నాలుగు రెట్లు కావాలి. 800 ల్యూమెన్ల లైటుకూ 1000 ల్యూమెన్ల లైటుకూ ఉన్న తేడా పక్కపక్కన పెట్టి చూసినా అంతగా కనిపించదు కాబట్టి, దాని కోసం అదనంగా అయిదువందలు ఇవ్వడం దండగ.

ఈ కొలతలకు 2009 నుంచి ఎఫ్‌ఎల్ 1 అనే అమెరికా ప్రమాణం ఒకటి అమలులో ఉంది. పేరున్న కంపెనీలు దాని ప్రకారమే అంకెలు ఇస్తాయి. పెట్టె మీద ఆ పేరు కనిపిస్తే అంకెల్లో కొంత నిజాయితీ ఉంటుందని అనుకోవచ్చు. అయితే ఆ అంకెలను చదవడంలో రెండు మెలికలున్నాయి. దూరం అన్నచోట, వెలుతురు 0.25 లక్సుకు, అంటే నిండు పున్నమి వెన్నెలంత స్థాయికి, పడిపోయే చోటును లెక్కలోకి తీసుకుంటారు. 10,000 క్యాండెలాల లైటుకు ఈ లెక్కన 200 మీటర్లు వస్తాయి. కాని ఆ చివర ఉన్నది పందో పొదో చెప్పడం కష్టం. దూరం సగమైతే వెలుతురు నాలుగింతలవుతుంది గనుక, పెట్టె మీది దూరంలో సగాన్నే మనకు పనికివచ్చే దూరంగా లెక్క వేసుకోవాలి. వంద మీటర్లు చూడదలచినవారు 200 మీటర్లని రాసిన లైటు కొనాలి. రెండవ మెలిక సమయానిది. వెలుతురు మొదటి స్థాయిలో పదో వంతుకు తగ్గేదాకా గడిచిన మొత్తం కాలాన్ని ఈ ప్రమాణంలో నడిచే సమయంగా రాస్తారు. మూడు గంటలని రాసి ఉన్న లైటు మొదటి అయిదు నిమిషాలు భగ్గున వెలిగి మిగతా కాలమంతా మసకగా ఉండవచ్చు. అందుకే మధ్యస్థాయి వెలుతురులో ఎంతసేపు నడుస్తుందో అడిగి తెలుసుకోవాలి. మనం రోజూ వాడేది ఆ స్థాయినే.

ప్రమాణం పేరు లేని పెట్టెల మీది అంకెలను పట్టుకోవడానికి చిన్న లెక్క చాలు. ఇప్పటి టార్చిలైట్లలో ఒక వాటు విద్యుత్తుకు వంద ల్యూమెన్లు, ఇంకా మంచి వాటిలో కొంచెం ఎక్కువ వస్తాయి. 18650 అని పిలిచే లిథియం సెల్లు 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండి, సగటున 3.6 వోల్టులు ఇస్తుంది. 2600 ఎంఏహెచ్ (సెల్లు సామర్థ్యానికి కొలత) సెల్లయితే దానిలో సుమారు తొమ్మిదిన్నర వాట్ అవర్ల శక్తి, అంటే ఒక వాటు చొప్పున తొమ్మిదిన్నర గంటలు నడిపే శక్తి ఉంటుంది. అంటే ఆ ఒక్క సెల్లు వెయ్యి ల్యూమెన్లను గంటసేపు కూడా పూర్తిగా ఇవ్వలేదు. రెండువందల ల్యూమెన్లనయితే నాలుగైదు గంటలు ఇవ్వగలదు. ఒకే సెల్లున్న లైటు పెట్టె మీద ‘10,000 ల్యూమెన్లు, 5 గంటలు’ అని ఉంటే, దానికి అయిదువందల వాట్ అవర్లు, అంటే అటువంటి సెల్లులు యాభైకి పైగా కావాలన్న మాట. అంతకు మించి ఆ పెట్టెను చదవనక్కరలేదు.

సెల్లు మీది మోసం ఇంకా సులువుగా బయటపడుతుంది. 18650 సైజులో మేలైన సెల్లుల సామర్థ్యం 3500, మహా అయితే 4000 ఎంఏహెచ్ దాకా ఉంటుంది. 6800 అనీ, 9900 అనీ రాసి ఉన్నవన్నీ ఉత్తుత్తి అంకెలే, వాటిలో తరచుగా వెయ్యి కూడా ఉండదు. అసలు సెల్లు 45 నుంచి 50 గ్రాముల బరువు తూగుతుంది. దుకాణంలో సెల్లును బయటికి తీయించి, పక్కనున్న కిరాణా కొట్టులోనో బంగారు కొట్టులోనో ఉన్న ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి చూస్తే సరి. ముప్పై గ్రాములే చూపిస్తే మారుమాట లేకుండా తిరిగి ఇచ్చేయవచ్చు. కొట్టువాడు నవ్వినా ఫరవాలేదు. లిథియం సెల్లులకు మన దేశంలో ఐఎస్ 16046 ప్రమాణం కింద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నమోదు తప్పనిసరి. సెల్లు మీద గానీ లైటు పెట్టె మీద గానీ ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉంటుంది. బీఐఎస్ కేర్ అనే ఫోను యాప్‌లో ఆ సంఖ్యను కొట్టి చూస్తే అది ఏ కంపెనీదో అక్కడే తెలుస్తుంది.

సెల్లు ఊడదీసి మార్చుకొనే వీలున్న లైటునే కొనాలని నా గట్టి అభిప్రాయం. లిథియం సెల్లు మూడు నాలుగేళ్లకు ఎలాగూ నీరసిస్తుంది. సెల్లు లోపలే అతికించి ఉంటే లైటంతా పారేయవలసి వస్తుంది, విడిగా ఉంటే మూడు నాలుగు వందలతో లైటు మళ్లీ కొత్తదవుతుంది. లోపల సీసపు బ్యాటరీ ఉండే పాతరకం రీఛార్జి లైట్లు ఇప్పటికీ చవకగా దొరుకుతున్నాయి గానీ, వాటిని ఛార్జి అయిపోయిన స్థితిలో నెలల తరబడి మూలన పడేస్తే బ్యాటరీ చెడిపోతుంది. అటువంటి వాటిలో కొన్నింటికి వెనుకనుంచి రెండు పిన్నులు బయటికి వచ్చి నేరుగా గోడ సాకెట్టులో గుచ్చే ఏర్పాటు ఉంటుంది. చవకవాటిలో ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. మెయిన్ కరెంటుకూ లోపలి తీగలకూ మధ్య అడ్డేమీ లేదన్న మాట. ఛార్జింగులో ఉండగా తడి చేతితో ముట్టుకున్నా, పగిలిన చోట వేలు తగిలినా ప్రాణాంతకం కావచ్చు కాబట్టి, పిల్లలున్న ఇంటికి వాటిని తీసుకురాకపోవడమే మంచిది. యూఎస్‌బీతో ఛార్జి అయ్యే లైటులో ఈ ప్రమాదం ఉండదు. సీ-టైపు రంధ్రం ఉన్న కొన్ని చవక లైట్లు రెండు వైపులా సీ-టైపు ఉన్న కేబులుతో ఛార్జి కావు. పాడయిందని దుకాణానికి పరుగెత్తే ముందు పాత రకం వెడల్పు పిన్ను కేబులుతో ఒకసారి ప్రయత్నించాలి. ఏడాదికి నాలుగుసార్లు కరెంటు పోయినప్పుడు మాత్రమే లైటు వెతుక్కొనే ఇంటికి ఇవేవీ అక్కరలేదు. మామూలు పెన్‌సెల్లులతో నడిచే ఎల్‌ఈడీ లైటు చాలు. వాడనప్పుడు సెల్లులు తీసి పక్కన పెడితే, కారి లోపలి స్ప్రింగులు తుప్పు పట్టకుండా ఉంటాయి.

లైటు పైతొడుగు విషయంలో అల్యూమినియమే మేలు, ఎందుకంటే ఎల్‌ఈడీ వేడిని అది బయటికి లాగేస్తుంది. ప్లాస్టిక్ లైటులో ఆ వేడి లోపలే నిలిచి ఎల్‌ఈడీ ఆయుష్షును తినేస్తుంది. 500 ల్యూమెన్ల పైన వెలిగే ప్లాస్టిక్ లైటు కొనదలచుకుంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. ఎక్కువ వెలుతురులో నాలుగు నిమిషాలకే లైటు వేడెక్కి తనంతట తాను తగ్గడం చెడ్డ లక్షణం కాదు, లైటునూ సెల్లునూ కాపాడుకోవడానికి చేసిన ఏర్పాటు అది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి, లిథియం సెల్లున్న లైటును ఎండలో నిలిపిన ట్రాక్టరు టూలుపెట్టెలోనో కారు అద్దం దగ్గరో వదిలిపెట్టకూడదు. వేడిగా ఉన్నప్పుడు ఛార్జి పెట్టకూడదు. నీటినీ దుమ్మునూ ఎంత తట్టుకుంటుందో చెప్పే ఐపీ గుర్తుల్లో, వానకు ఐపీఎక్స్ 4 సరిపోతుంది. కాలువలో, తొట్టిలో పడే అవకాశం ఉన్నవారు మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకొనే ఐపీఎక్స్ 7 చూసుకోవాలి. ఐపీ 67 అని ఉంటే దుమ్ము కూడా చొరదు. మన ఎర్రదుమ్ముకు అదే తగినది. ముందు భాగాన్ని లాగి వెలుతురును చిన్నదిగా పెద్దదిగా చేసే జూమ్ లైట్లు దుకాణంలో ముచ్చటగా ఉంటాయి, కాని లాగిన ప్రతిసారీ గాలితోపాటు దుమ్మునూ లోపలికి పీల్చుకుంటాయి.

స్విచ్చు నొక్కగానే వెలిగేది సాధారణ వెలుతురై ఉండాలి. మిణుకుమిణుకుమనే వెలుగులు, ఎస్ఓఎస్ (ఆపద సంకేతం) వంటివి మూడు నాలుగు నొక్కుల తరువాతే రావాలి. పాము కనిపించిన క్షణంలో లైటు రెపరెపలాడడం మొదలుపెడితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

దుకాణంలో పరీక్షించేటప్పుడు పగటి వెలుతురులో గోడ మీద వేసి చూడడం వల్ల ఏమీ తెలియదు. సాయంత్రం చీకటిపడ్డాక వెళ్లి, దుకాణం వెనుక సందులోకి లైటు వేయించి చూడాలి. మధ్యలో గట్టి గుండ్రని వెలుగు, చుట్టూ మెత్తని వెలుతురు ఉంటే అది నడకకూ చూపుకూ రెండింటికీ పనికివస్తుంది. ఆ తరువాత లైటు వెలుగుతుండగా అరచేతిలో గట్టిగా కొట్టి చూడాలి, మిణుకుమంటే స్ప్రింగులు వదులుగా ఉన్నట్టే. వెనుక మూతను విప్పి మరలను వేలితో తడిమితే గరుకుగా, లోహపు పొట్టు రాలుతూ ఉండకూడదు. రబ్బరు రింగు ఉందో లేదో అక్కడే చూడాలి. ఫోను కెమెరాను వెలుతురు వైపు పెట్టినప్పుడు తెర మీద నల్లని చారలు పరుగెత్తితే, తక్కువ స్థాయిలో ఆ లైటు వేగంగా వెలిగి ఆరుతోందన్న మాట. కొందరికి దీనివల్ల కళ్లు అలసిపోతాయి.

ధర విషయానికి వస్తే, నడకకు మాత్రమే కావలసినవారు వెయ్యి రూపాయలు దాటనక్కరలేదు. కాపలాకు కూడా కావాలంటే మార్చుకొనే 18650 సెల్లు, 10,000 క్యాండెలాలకు తక్కువ కాని లైటు రెండు వేల లోపు సాధారణంగా దొరుకుతుంది. అంతకు పైన పెట్టే డబ్బు పేరుకూ మెరుపుకూ వెళ్తుంది. మిగిలిన డబ్బుతో రెండో సెల్లు కొని, ప్లాస్టిక్ డబ్బీలో పెట్టుకొంటే ప్రయోజనం ఎక్కువ. విడి సెల్లును తాళంచెవులతో, చిల్లరతో కలిపి జేబులో వేసుకోకూడదు. రెండు కొనలూ లోహంతో కలిస్తే జేబులోనే మంట పుట్టవచ్చు. నెలలపాటు వాడని సెల్లును పూర్తిగా నింపి గానీ పూర్తిగా ఖాళీ చేసి గానీ ఉంచకుండా, సగం ఛార్జితో నీడపట్టున ఉంచాలి. ఎలక్ట్రానిక్ స్విచ్చు ఉన్న లైటు ఆరి ఉన్నా కొద్దికొద్దిగా సెల్లును తాగుతూనే ఉంటుంది కాబట్టి, పెట్టెలో దాచేముందు వెనుక మూతను పావు చుట్టు వదులు చేస్తే చాలావరకు ఆ ఖర్చు ఆగిపోతుంది. మరలకు ఏడాదికోసారి సిలికాన్ గ్రీజు కొద్దిగా రాయాలి. వాజలైను, కిరోసిను వంటివి తగిలితే కొన్ని రకాల రబ్బరు రింగులు ఉబ్బి పాడవుతాయి, ఆ తరువాత నీరు లోపలికి దిగుతుంది.